రాయి పలికింది... రికార్డు చేద్దామా?

గెయిన్, క్లిప్పింగ్, శాంప్లింగ్, డెసిబెల్... వింటేనే బుర్ర తిరిగే మాటలు. కానీ అవుకు నుంచి బెలూం గుహల దాకా ఓసారి తిరిగొస్తే అవన్నీ మనింటి మాటలే అనిపిస్తాయి. అవ్వ పాడే పాటను మనవళ్ల పిల్లలకు కూడా వినిపించాలనుకునేవాళ్లు తెలుసుకోక తప్పని మాటలు కూడా!

పైకప్పు నుంచి వేలాడుతున్న రాతి ఊడలు. ఒకదాన్ని వేలి కణుపుతో తడితే 'టంగ్'మంటుంది. పక్కదాన్ని తడితే ఇంకాస్త సన్నగా 'టింగ్'. ఆ పక్కది మరో రకం. దాపులో ఎవరో జలతరంగం గిన్నెలు సర్దుతున్నారేమో అన్నట్టుంటుంది. తీరా చూస్తే అక్కడున్నవి రాళ్లూ మనుషులూ మాత్రమే!

నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలంలోని బెలూం గుహల్లో 'సప్తస్వరాల గుహ' ఇది. అవుకు నుంచి దక్షిణం దారి పట్టి కొలిమిగుండ్ల వైపు వెళ్తే వచ్చేస్తుంది. 'బిలం' అన్న మాటే జనం నోట బెలూం అయిందంటారు. 1884లో బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫూట్ ఈ గుహల గురించి రాశాడు. దాదాపు వందేళ్ల తర్వాత, 1980ల మొదట్లో జర్మన్ గుహాన్వేషకుడు డేనియల్ గెబార్ తన బృందంతో వచ్చి లోపలి దారులన్నీ కొలిచాడు. మొత్తం పొడవు 3,229 మీటర్లు. అందరికన్నా లోతున ఉన్న పాతాళగంగ ప్రవేశద్వారం కంటే 46 మీటర్ల దిగువన ఉంటుంది. 2002లో గుహల్లోకి సందర్శకులను అనుమతించారు. సప్తస్వరాల గది తలుపులు మాత్రం 2006లో తెరుచుకున్నాయి.

చూడ్డానికి వచ్చినవాళ్లలో చాలామంది చేసే పని ఒకటే. సెల్‌ఫోన్ తీసి రాయిని తట్టి రికార్డు చేసుకోవడం. ఇంటికెళ్లి వింటే... ఆ మోత ఉండదు. 'టక్' అన్న చప్పుడు, వెనకాల జనం గోల. చెవికి అంత బాగా వినిపించింది ఫోనుకెందుకు వినిపించలేదు? ఈ ఒక్క ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ పోతే సౌండ్ ఇంజినీర్ల నిఘంటువు సగం పూర్తయిపోతుంది.

రాతికి స్వరం ఎక్కడిది?

దేన్ని తట్టినా అది వణుకుతుంది. ఆ వణుకు గాలిని తోస్తుంది. గాలి మన చెవి కర్ణభేరిని తోస్తుంది. ఇంతే శబ్దం. సెకనుకు ఎన్నిసార్లు వణికిందన్నదే ఫ్రీక్వెన్సీ. బడి పుస్తకాల్లో పౌనఃపున్యం అని చదువుకున్నది ఇదే. దాన్ని కొలిచే ప్రమాణానికి జర్మన్ శాస్త్రవేత్త హైన్రిష్ హెర్ట్జ్ పేరు పెట్టారు. సెకనుకు వందసార్లు వణికితే వంద హెర్ట్జ్. మనిషి చెవి సుమారుగా 20 నుంచి 20,000 హెర్ట్జ్ దాకా వింటుంది. వయసు మీదపడేకొద్దీ పైనున్న అంకెలు ఒక్కొక్కటీ రాలిపోతుంటాయి. మనవరాలికి వినిపించే కీచురాయి కూత తాతకు వినిపించకపోవడం చాదస్తం కాదు, చెవి వయసు!

గుహలోని ఊడ ఒకవైపు పైకప్పుకు అతుక్కుని, రెండోవైపు గాల్లో వేలాడుతుంది. ఇలాంటి కమ్మీ ఎంత లావుగా ఉంటే స్వరం అంత పైకి పోతుంది. పొడుగు పెరిగితే కిందికి దిగుతుంది. దిగడం కూడా మామూలుగా కాదు. లావు అదే ఉండి పొడవు రెట్టింపయితే ఫ్రీక్వెన్సీ నాలుగోవంతుకు పడిపోతుంది. కాబట్టి పక్కపక్కనే ఉన్న రెండు ఊడలు జానెడు తేడాతోనే వేర్వేరు స్వరాలు పలుకుతాయి. ఇందులో మాయ లేదు. హంపీ విఠలాలయం స్తంభాల మీదా ఇలాగే బోలెడు కథలున్నాయి. లోపల బోలుగా ఉంటాయనీ, ఏదో లోహం పోశారనీ. కల్పాక్కంలోని ఇందిరాగాంధీ అణు పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు పదకొండు స్తంభాల మోతల్ని రికార్డు చేసి, అల్ట్రాసౌండ్‌తో పరీక్షించి 2008లో తేల్చి చెప్పారు. అవి గట్టి రాతి కంబాలే. తట్టినప్పుడు బద్దలా వంగి వణకడం వల్లే ఆ స్వరాలు. కొలతల్ని బట్టి లెక్కగట్టిన ఫ్రీక్వెన్సీలూ, రికార్డులో దొరికినవీ సరిపోయాయి.

రికార్డులో 'దొరకడం' ఏమిటంటారా? ఇక్కడే సిగ్నల్ ప్రాసెసింగ్‌లో అతి ముఖ్యమైన పేరొకటి వస్తుంది. ఫోరియర్. ఈ ఫ్రెంచి గణిత మేధావి 1822లో అచ్చేసిన పుస్తకం అసలు వేడి ఎలా పాకుతుందన్న దాని మీద! ఎంత గజిబిజి అలనైనా సాదా అలల కూడికగా విడదీయొచ్చని అందులో చెప్పాడు. గాజు పట్టకం ఎండను ఏడు రంగులుగా చీల్చినట్టు, ఈ లెక్క శబ్దాన్ని ఫ్రీక్వెన్సీలుగా చీలుస్తుంది. అలా చీల్చగా వచ్చిన చిత్రమే స్పెక్ట్రమ్. ఒకే శ్రుతిలో నాదస్వరం ఊదినా, వేణువు ఊదినా వేరుగా ఎందుకు వినిపిస్తాయంటే అసలు స్వరానికి తోడు పైన పలికే అనుస్వరాల పాళ్లు వేరు కాబట్టి. కూరలో కారం, పులుపు, ఉప్పు పాళ్లు మారినట్టే. 1965లో కూలీ, టూకీ అనే ఇద్దరు ఈ లెక్కను కంప్యూటర్ చాలా వేగంగా చేసే పద్ధతి ప్రచురించారు. ఇప్పుడు ఫోనులో పాట వినిపిస్తే పేరు చెప్పే యాప్‌ల దాకా అన్నీ దాని మీదే నడుస్తున్నాయి.

గుహ గొంతు, గది గొంతు

చెవికి బాగున్నది ఫోనులో పాడవడానికి మొదటి కారణం గది. ఇక్కడ గుహ.

చప్పట్లు కొడితే ఆ శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్ల వేగంతో వెళ్లి గోడకు తగిలి తిరిగొస్తుంది. పదో వంతు సెకను దాటి వస్తే చెవి దాన్ని రెండో శబ్దంగా పట్టుకుంటుంది. అది ప్రతిధ్వని, ఎకో. లెక్క వేస్తే గోడ కనీసం 17 మీటర్ల దూరంలో ఉండాలి. అంతకన్నా దగ్గరుంటే? వందలాది చిన్న చిన్న ప్రతిధ్వనులు ఒకదాని మీద ఒకటి పడి అసలు శబ్దానికి తోకలా అంటుకుంటాయి. దీన్ని అనురణనం అంటారు. స్టూడియో భాషలో రివెర్బ్. గుడి మండపంలో 'గోవిందా' అంటే కాసేపు గాల్లోనే ఉండిపోతుందే... అదే.

ఈ తోకను మొదట కొలిచింది వాలెస్ సబైన్ అనే కుర్ర అధ్యాపకుడు. 1895లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం వాళ్లు కొత్తగా కట్టిన ఫాగ్ మ్యూజియం ఉపన్యాస మందిరంలో ఎవరు మాట్లాడినా ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. సంగతేంటో చూడమని సబైన్‌కు అప్పగించారు. ఆయన పక్కనున్న థియేటర్ నుంచి రాత్రిళ్లు కుర్చీల మెత్తలు మోసుకొచ్చి పరుస్తూ, ఆర్గాన్ గొట్టం ఊదుతూ, శబ్దం ఎంతసేపటికి ఆరిపోతోందో గడియారం పట్టుకుని రాసుకునేవాడు. తెల్లారేలోపు మెత్తలన్నీ తిరిగి పెట్టేయాలి మరి! అలా తేలిన సూత్రం చాలా సులువైంది. గది ఎంత పెద్దదైతే తోక అంత పొడుగు. శబ్దాన్ని పీల్చుకునే మెత్తటి వస్తువులు ఎన్ని ఉంటే అంత పొట్టి.

ఈ సూత్రాన్ని అవుకు, బనగానపల్లె, కొలిమిగుండ్ల వైపు ఇళ్లకు పెట్టి చూడండి. నాపరాళ్ల సీమ ఇది. కింద నాపబండ, గోడ రాయి, చాలా పాత ఇళ్లలో పైకప్పూ బండలే. అయిదు మీటర్ల పొడవు, నాలుగు వెడల్పు, మూడు ఎత్తున్న ఖాళీ గది అనుకుందాం. రాయి తనమీద పడిన శబ్దంలో నూటికి మూడు పాళ్లే పీల్చుకుంటుందనుకుంటే, సబైన్ లెక్క ప్రకారం తోక మూడు సెకన్లు దాటుతుంది. అంటే అవ్వ ఒక చరణం ముగించి రెండోది ఎత్తుకునేసరికి మొదటిదింకా గదిలో తిరుగుతూనే ఉంటుంది! అదే గదిలో పరుపులు, బొంతలు, ఉతికిన చీరలు, నాలుగు ధాన్యం మూటలు పడేస్తే సెకనులోపే ఆరిపోతుంది. స్టూడియోల్లో గోడలకు వేలు పోసి నురగ పలకలు అతికించేది ఇందుకే. పల్లెటూళ్లో బియ్యం మూటలున్న గది దానికేం తీసిపోదు.

మరి చెవి మోసపోదా? పోదు. మనకు రెండు చెవులున్నాయి, వాటి వెనక మెదడుంది. ఎదుటి మనిషి గొంతును పట్టుకుని మిగతాదాన్ని పక్కకు నెట్టడం దానికి అలవాటు. ఫోను మైకుకు ఆ తెలివి లేదు. వచ్చిందంతా సమానంగా మింగేస్తుంది. సప్తస్వరాల గుహలో జనం గోల ఎందుకు పడిందో అర్థమైందిగా!

అలాగని రివెర్బ్ పగవాడేం కాదు. బొత్తిగా తోక లేని పాట ఎండిన రొట్టెలా ఉంటుంది. అందుకే సినిమా పాటల గొంతును ముందు శుభ్రంగా, 'డ్రై'గా రికార్డు చేసి, తర్వాత కావలసినంత రివెర్బ్ కలుపుతారు. ఇక్కడ ఒక చక్కటి కిటుకుంది. ఏదైనా గదిలో ఒక్క బుడగను టప్పున పగలగొట్టి, ఆ చప్పుడు ఆరిపోయేదాకా రికార్డు చేస్తే అది ఆ గది వేలిముద్ర అవుతుంది. ఇంపల్స్ రెస్పాన్స్ అంటారు. ఆ వేలిముద్రను మరెక్కడో రికార్డు చేసిన పాటతో కన్వొల్యూషన్ అనే లెక్కలో కలిపితే, పాట ఆ గదిలోనే పాడినట్టు వినిపిస్తుంది. 1999లో సోనీ ఈ పని చేసే యంత్రాన్ని అమ్మకానికి తెచ్చింది. ఇప్పుడు మామూలు కంప్యూటర్లే చేసేస్తున్నాయి. బెలూంలో ఓ తెల్లవారుజామున, జనం లేని వేళ అలాంటి వేలిముద్ర తీస్తే హైదరాబాద్‌లో కూర్చుని పాడిన కీర్తనను పాతాళగంగ పక్కన పాడించవచ్చు!

రాత్రి పూట అవుకు చెరువు గట్టున కూర్చుంటే అవతలి ఒడ్డు మాటలు పక్కనే ఉన్నట్టు వినిపించడం మాత్రం గోడల పని కాదు. పొద్దు వాలాక నీటి మీది గాలి చల్లబడి, పైన వెచ్చగా ఉంటుంది. పైకి పోవాల్సిన శబ్దం వంగి మళ్లీ కిందికే వస్తుంది. పక్క ఊరి గుళ్లో మైకు రాత్రుళ్లే ఎక్కువ దూరం వినపడటంలోనూ ఇదే సంగతి.

తలలు తెగిన అలలు

ఇప్పుడు అసలు పట్టు. పండక్కి ఊరొచ్చిన మనవడు 'అవ్వా, ఆ పాట ఇంకోసారి పాడు' అని ఫోను ఎక్కడ పెడతాడు? గూట్లోనో, బల్ల మీదో. అవ్వ నాలుగడుగుల దూరంలో మంచం మీద. పైన ఫ్యాను. పెరట్లో మోటారు. తీరా వింటే ఫ్యాను పాటే బాగా వస్తుంది.

మైకుకూ నోటికీ మధ్య దూరం సగం చేస్తే గొంతు ఆరు డెసిబెల్స్ పెరుగుతుంది. ఫ్యాను మాత్రం ఉన్నంతే ఉంటుంది. గొంతుకూ గోలకూ మధ్యనున్న ఈ తేడానే సిగ్నల్ టు నాయిస్ నిష్పత్తి అంటారు. వెలపెట్టి కొత్త మైకు కొనడం కన్నా ఉన్న ఫోనును జానెడు దూరానికి తేవడమే మేలు. నోటికి ఎదురుగా కాదు, కాస్త పక్కగా. లేకపోతే 'ప', 'బ', 'భ' అన్నప్పుడల్లా గాలి తగిలి 'ఢప్పు'మంటుంది.

డెసిబెల్ అన్న మాట టెలిఫోన్ కనిపెట్టిన గ్రాహంబెల్ పేరు మీద వచ్చింది. ఇది కొలబద్దలా సమానంగా పెరిగేది కాదు. రెట్లలో పెరుగుతుంది. 3 డెసిబెల్స్ పెరిగితే శక్తి రెట్టింపు, 10 పెరిగితే పది రెట్లు, 60 పెరిగితే పది లక్షల రెట్లు! ఇద్దరు మామూలుగా మాట్లాడుకుంటే 60 డెసిబెల్స్ దాకా ఉంటుంది. అంటే చెవికి అందీ అందని సవ్వడి కన్నా పది లక్షల రెట్ల శక్తి. ఇంత తేడాను ఒక్క అవయవం తట్టుకోవడమే విడ్డూరం.

ఫోను అంత తట్టుకోలేదు. దానికో పైకప్పు ఉంటుంది. మైకు నుంచి వచ్చే బలహీనమైన విద్యుత్తును ఎన్ని రెట్లు పెంచాలో చెప్పేది గెయిన్. స్పీకరులోంచి ఎంత బయటికి రావాలో చెప్పేది వాల్యూమ్. ఈ రెంటినీ ఒకటే అనుకోవడం వల్లే సగం రికార్డింగులు పాడవుతున్నాయి. వాల్యూమ్ తర్వాత ఎప్పుడైనా తిప్పుకోవచ్చు. గెయిన్ తప్పితే తప్పిందే. బుర్రకథలో కథకుడు నెమ్మదిగా కథ చెబుతూ చెబుతూ యుద్ధ ఘట్టంలో ఒక్కసారిగా గొంతెత్తుతాడు. పక్కన గుమ్మెటల మోత. గెయిన్ ఎక్కువ పెట్టి ఉంటే అల పైకప్పుకు కొట్టుకుని తల తెగిపోతుంది. దీన్ని క్లిప్పింగ్ అంటారు. వింటే బరబరమని చినిగిన గుడ్డలా ఉంటుంది. తెగిన తలలో ఏముందో ఆ ఫైలులో ఎక్కడా ఉండదు. ఇప్పటి సాఫ్ట్‌వేర్లు పక్కనున్న అలల్ని చూసి అతుకు వేస్తాయి గానీ, అది ఊహే తప్ప కథకుడి గొంతు కాదు.

కాబట్టి మీటరు చూపించే యాప్ ఉంటే, గట్టిగా పాడిన చోట కూడా సూది సున్నాకు 12 డెసిబెల్స్ కిందే ఆగేలా చూసుకోవాలి. చిన్నగా వచ్చిన పాటను తర్వాత పెంచుకోవచ్చు. మీటరు లేకపోతే అత్యంత గట్టి భాగాన్ని ముందోసారి పాడించి విని చూడాలి. పెళ్లిపందిట్లో మైకు సెట్టు కుర్రాడు 'హలో హలో మైక్ టెస్టింగ్' అనడం ఊరికే కాదు మరి. కాకపోతే అతను మెల్లగా అంటాడు. కేకేసి చూడాలి!

సెకనుకు 44,100 ముక్కలు

క్యాసెట్టు కాలంలో శబ్దం అలలాగే టేపు మీద అచ్చుపడేది. ఫోనులో అలా కాదు. అల ఎత్తును క్షణక్షణం కొలిచి అంకెలుగా రాసుకుంటుంది. ఆ కొలతలే శాంపిళ్లు. సినిమా సెకనుకు 24 బొమ్మలు చూపించి కదలిక అని భ్రమింపజేసినట్టే. సినిమాలో పరుగెత్తే బండి చక్రం ఒక్కోసారి వెనక్కి తిరుగుతున్నట్టు కనిపిస్తుంది, చూశారా? బొమ్మలు చాలకపోవడం వల్ల వచ్చే తప్పు అది. శబ్దంలోనూ కొలతలు చాలకపోతే అసలు లేని స్వరాలు పుట్టుకొస్తాయి. దీని పేరు ఎలియాసింగ్. ఎన్ని కొలతలు చాలు? 1928లో హ్యారీ నైక్విస్ట్ వేసిన పునాది మీద 1949లో క్లాడ్ షానన్ తేల్చి చెప్పాడు. పట్టుకోవాల్సిన అత్యధిక ఫ్రీక్వెన్సీకి రెట్టింపు కన్నా ఎక్కువ ఉండాలి. మన చెవి 20,000 హెర్ట్జ్ దాకా వింటుంది కాబట్టి నలభై వేలు దాటాలి.

మరి 1982లో వచ్చిన సీడీకి 44,100 అనే వింత అంకె ఎందుకు? తొలిరోజుల్లో ఇన్ని అంకెలు దాచే పరికరాలు వేరే లేక వీడియో టేపుల్లో దాచేవారు. టీవీ తెర మీద గీతకు మూడు కొలతల చొప్పున, వాడుకునే 294 గీతలు, సెకనుకు 50 సార్లు. గుణించి చూడండి, సరిగ్గా 44,100! అమెరికా పద్ధతిలో 245 గీతలు, 60 సార్లు. అదీ అంతే. సినిమా, వీడియో వాళ్లు 48,000 వాడతారు.

పాత టెలిఫోనుకు సెకనుకు 8,000 కొలతలే. అది 300 నుంచి 3,400 హెర్ట్జ్ వరకే పంపేది. మనిషి మాట అర్థం కావడానికి అది చాలు. అయితే 'స', 'ఫ' లాంటి అక్షరాల అసలు సారం అంతకన్నా పైన ఉంటుంది. ట్రంకాల్‌లో పేర్లు చెప్పేటప్పుడు 'ఎస్ ఫర్ సీత' అని అరవాల్సి వచ్చింది అందుకే. ఇప్పటి 4జీ కాల్స్ 7,000 దాకా పంపడం వల్లే గొంతులు దగ్గరగా వినిపిస్తున్నాయి.

ఒక్కో కొలతను ఎంత సూక్ష్మంగా రాసుకోవాలన్నది బిట్ డెప్త్. 16 బిట్లయితే 65,536 మెట్లు, 24 బిట్లయితే కోటీ 67 లక్షల పైచిలుకు. బిట్టు ఒకటి పెరిగితే ఆరు డెసిబెల్స్ జాగా పెరుగుతుంది. 24 బిట్లలో రికార్డు చేస్తే గెయిన్ తక్కువ పెట్టినా భయం లేదన్నమాట.

సీడీ నాణ్యతలో నిమిషం పాటకు పది మెగాబైట్లు కావాలి. దాన్ని ఒక్క మెగాబైటుకు కుదించింది ఎంపీ3. జర్మనీలోని ఫ్రాన్‌హోఫర్ సంస్థలో కార్ల్‌హైన్జ్ బ్రాండెన్‌బర్గ్ బృందం దీని మీద పనిచేసింది. సూత్రం మనకు తెలిసిందే. పిండిమర ఆడుతుంటే పక్కన దోమ రొద వినపడదు. వినపడనిదాన్ని దాచడమెందుకు, పారేద్దాం అన్నారు! వాట్సాప్‌లో పంపే వాయిస్ మెసేజీలు ఇంకా పిసినారివి. కబుర్లకు అవి చాలు. కానీ అవ్వ పాటను నేరుగా వాట్సాప్ మైకు నొక్కి రికార్డు చేసి 'దాచాం' అనుకుంటే మాత్రం పొరపాటే. పారేసింది తిరిగి రాదు. విడిగా రికార్డర్ యాప్‌లో, వీలైతే వేవ్ ఫైలుగా, 48,000 శాంపిళ్లు, 24 బిట్లు. ఒకే మైకు కాబట్టి మోనో చాలు. గంటకు అర జీబీ అవుతుంది. ఒక పెళ్లి వీడియో కన్నా తక్కువే!

పదాలు మిగిలాయి... గొంతులో?

ఇంత జాగ్రత్త ఎందుకంటే ఈ సీమే సాక్ష్యం. 'కళాపూర్ణోదయం' రాసిన పింగళి సూరన ఆ కావ్యాన్ని అంకితమిచ్చింది ఆకువీడు ప్రభువు నంద్యాల కృష్ణమరాజుకు. ఆ ఆకువీడే నేటి అవుకు అంటారు. తుంబురుడి గానం మీద అసూయతో నారదుడు సంగీతం నేర్చుకోవడం అందులోని కథ. నాలుగైదు వందల ఏళ్ల కిందట ఈ ఆస్థానంలో ఆ పద్యాల్ని ఎలా చదివారో, ఏ రాగంలో ఎత్తుకున్నారో ఎవరికి తెలుసు? అక్షరాలొక్కటే చేరాయి.

1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని ఉరి తీశారు. ఆయన మీద రేనాటి పల్లెల్లో పాటలు పుట్టాయి. ఊరూరా తిరిగేవాళ్లు పాడారు. తంగిరాల వెంకట సుబ్బారావు లాంటి పరిశోధకులు వాటిని సేకరించి అచ్చులోకి తేబట్టి తర్వాతి తరాలకు తెలిశాయి. 2019లో వచ్చిన 'సైరా' సినిమాలో అవుకు రాజు పాత్ర చూసి చప్పట్లు కొట్టినవాళ్లలో ఆ పాటల్ని అసలు గొంతులో విన్నవాళ్లు ఎందరుంటారు? పాటలో పదాలు కాగితం మీదికి వస్తాయి. ఎక్కడ ఊపిరి ఆపారో, ఏ మాట దగ్గర గొంతు జీరబోయిందో రాదు. అది రావాలంటే రికార్డింగే దిక్కు.

గొంతు మిగిలితే ఏమవుతుందో ఘంటసాల భగవద్గీత చెబుతుంది. ఆయన 1974 ఫిబ్రవరి 11న కన్నుమూశారు. రికార్డు విడుదలైంది ఆ తర్వాతే. అర్ధ శతాబ్దం గడిచినా తెలుగు ఊళ్లలో ఎవరింట్లో మనిషి పోయినా వీధి చివరిదాకా వినిపించేది ఆ గొంతే.

అటక మీది క్యాసెట్లు

ఫిలిప్స్ కంపెనీ క్యాసెట్టును 1963లో తెచ్చింది. తర్వాత పాతికేళ్లకు అది రాయలసీమ పల్లెల్లోకీ పాకింది. హరికథలు, భజనలు, పద్యనాటకాలు, గల్ఫ్‌కు వెళ్లినవాళ్లకు ఉత్తరాలకు బదులు పంపిన మాటలు... అన్నీ అందులోనే. ఆ టేపు మీదున్నది ఇనుప తుప్పు లాంటి పొడి. దాన్ని పట్టి ఉంచే జిగురు తేమకు, వేడికి పాడవుతుంది. రేకుల కప్పు కింద అటక అంటే దానికి నరకమే.

అలాంటి క్యాసెట్టు దొరికితే వెంటనే ప్లే చేయకూడదు. బూజు కనిపిస్తే అసలే వద్దు. తెలిసినవాళ్లకు ఇవ్వాలి. బాగానే ఉంటే ముందుకొకసారి, వెనక్కొకసారి మొత్తం చుట్టి, బిగుసుకున్న పొరల్ని వదులు చేయాలి. ప్లేయరు తలను దూదితో, స్పిరిట్‌తో తుడవాలి. స్పీకరు ముందు ఫోను పెట్టి కాదు, ఇయర్‌ఫోన్ రంధ్రం నుంచి తీగతో కంప్యూటర్ లైన్ ఇన్‌లోకి ఇవ్వాలి. గొంతు మందంగా, దుప్పటి కప్పినట్టు వస్తుంటే తల వంపు సరిపోలేదని అర్థం. పక్కనుండే చిన్న స్క్రూను అణువణువు తిప్పుతూ 'స' అక్షరం స్పష్టంగా పలికేచోట ఆపాలి. పాట సాగుతూ, ఊగుతూ ఉంటే మోటారు బెల్టు సాగిందన్నమాట. దీన్ని 'వావ్' అంటారు, ఆశ్చర్యపడి కాదు! వేగంగా వణికితే 'ఫ్లటర్'.

వెనకాల వచ్చే 'స్స్స్' మోతను తీసేయాలని చేతులు దురదపెడతాయి. తీసే పద్ధతి ఉంది. మాటల్లేని చోట ఆ మోతను ఒక్కదాన్నే చూపిస్తే సాఫ్ట్‌వేర్ దాని స్పెక్ట్రమ్‌ను గుర్తుపెట్టుకుని మిగతా చోట్ల తీసేస్తుంది. అతి చేస్తే గొంతు బావిలోంచి వచ్చినట్టవుతుంది. ఏం చేసినా నకలు మీదే చేయాలి. మొదట ఎక్కించిన ఫైలును ముట్టుకోకుండా రెండు మూడు చోట్ల ఉంచాలి. అసలు క్యాసెట్టునూ పారేయొద్దు. పదేళ్ల తర్వాత ఇంకా మంచి పరికరం రావచ్చు. కొత్తగా రికార్డు చేసేటప్పుడు కూడా పాట మొదలుకు ముందు పది సెకన్లు అందరూ నోరు మూసుకుని గది నిశ్శబ్దాన్ని రికార్డు చేయడం మంచిది. తర్వాత మోత తీయడానికి అదే పనికొస్తుంది.

ఇంకొక్క పని. 1902 నవంబరులో గ్రామఫోన్ కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తా వచ్చి గౌహర్‌జాన్ పాటలు రికార్డు చేశాడు. కరెంటు మైకులు లేని రోజులు. పెద్ద కొమ్ములోకి గొంతెత్తి పాడాలి. మూడు నిమిషాల్లో ముగించాలి. పాట చివర ఆమె తన పేరు గట్టిగా చెప్పేది. ఆ పళ్లేలు అచ్చయ్యేది జర్మనీలోని హానోవర్‌లో. అక్కడివాళ్లకు ఏ పాట ఎవరిదో తెలియాలి కదా! మన ఇళ్లలోని క్యాసెట్ల మీద చూస్తే 'భజన - 2', 'ఏ సైడ్' అని ఉంటుంది. ఫోనులో అయితే అదీ లేదు, అంకెలే. కాబట్టి బటన్ నొక్కగానే అవ్వ చేతే చెప్పించండి. పేరు, పుట్టిన ఊరు, ఆ పాట ఎవరి దగ్గర నేర్చుకుందో, ఆ రోజు తేదీ. తర్వాత పాట ఎత్తుకోమనండి.